నంద్యాలలో రాళ్ల మిషన్ల పోటీ

నంద్యాల నుంచి తిరిగొచ్చి నెల కావస్తోంది. అటువైపు ఎప్పుడూ వెళ్లని మిత్రులు ఉగ్గాని తిన్నావా, మహానంది చూశావా, ఆళ్లగడ్డ శిల్పాలు ఎలా ఉన్నాయి అని అడుగుతున్నారు. అన్నీ చూశాను, అన్నీ తిన్నాను. కానీ ఆ ఊళ్లో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాచి తిండి సంగతులు మాత్రం రాస్తే నేను వెళ్లొచ్చిన ప్రయాణం అది కాదు. అందుకని ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నల్లమల మీదుగా

మాది బాపట్ల. పదహారేళ్లుగా ఆసుపత్రి పరికరాల కంపెనీలో పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్ల పక్కన నిలబడి మిషన్ వాడకం చూపించడం నా ఉద్యోగం.

కిడ్నీలో రాయి పెద్దదైతే మందులకు కరగదు. నడుము దగ్గర చిన్న రంధ్రం చేసి, అందులోంచి సన్నటి బోలు కడ్డీని రాయి దాకా పంపుతారు. అల్ట్రాసౌండ్ కంపనంతో ఆ కడ్డీ కొన రాయిని పిండి చేస్తుంది. ఆ పిండిని కడ్డీలోంచే బయటికి లాగేయడానికి సక్షన్ గొట్టం ఉంటుంది. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టరమ్మ అలాంటి మిషన్ ఒకటి కొనదలచుకున్నారు. కంపెనీల కాగితాలు నమ్మను, రెండు కంపెనీల మిషన్లూ పక్కపక్కన పెట్టి నేనే పోల్చి చూసుకుంటాను అన్నారు. రెండూ దేశమంతా వాడుతున్నవే. ఒప్పుకున్న ఎనిమిది మంది రోగులు, నాలుగు రోజులు. ఒక మిషన్ మాది. దాన్ని పెట్టెలో పెట్టుకుని మంగళవారం పొద్దున గుంటూరులో రైలెక్కాను.

గిద్దలూరు దాటాక అడవి. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఎదుటి సీట్లో నంద్యాల బియ్యం వ్యాపారి ఒకాయన, మనవరాలి పెళ్లిచూపులకు వెళ్లి వస్తున్నాడు. చాలాసేపు పెట్టెనే చూశాడు.

"ఏందప్పా దాంట్లో? బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు," అన్నాడు.

చెప్పాను.

"రాయి పగలగొట్టేదా? మా వీధిలో ఇంటికొకరికి ఉండాది రాయి. నాకూ ఉండె, పోయినాది. అది పోయేటప్పుడు ఏడ్చినంత మా నాయన పోయినప్పుడు కూడా ఏడ్వల్యా," అన్నాడు.

మా వైపు కొత్తవాళ్లతో ఇంత సూటిగా మాట్లాడం. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత కాస్త చుట్టరికం వెతికి గానీ ఒంట్లో సంగతులకు రాం. ఈయన నేరుగా కిడ్నీలోకి దిగాడు. గాజులపల్లె వచ్చేసరికి నా జీతం అడిగాడు, నేను చెప్పాను కూడా. నంద్యాలలో దిగేటప్పుడు పెట్టె రెండో వైపు ఆయనే పట్టాడు.

ఉగ్గాని, మరచీల

బుధవారం పొద్దున ఆసుపత్రి ఎదురుగా బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అంతా నలభై రూపాయలు. మా ఊళ్లో బొరుగులంటే సాయంత్రం పిల్లలు తినేవి. ఇక్కడ పెద్దవాళ్లు పొద్దున్నే నిలబడి తింటున్నారు. మా ఊరి బజ్జీ మిరపకాయలా కారం ఉండదనుకుని సగం ఒకేసారి కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పక్కన తింటున్న పెద్దాయన తన మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

ఆయనే ఖాదర్ వలీ. కడప మనిషి, అవతలి కంపెనీ తరఫున వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ముందు మిషన్లు బాగుచేసే పనిలో ఉండి, తర్వాత నాలాగే థియేటర్‌లో నిలబడే పనికి వచ్చాడు. గంట తర్వాత థియేటర్‌లో ఎదురుపడినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

మా మిషన్ కొత్తది. కడ్డీలో కడ్డీ. లోపలిది వణుకుతుంది, బయటిది కొడుతుంది. సక్షన్ మిషన్‌లోనే కలిసి ఉంటుంది. ఖాదర్ భాయ్‌ది పాతకాలపు తీరు. ఒకే బోలు కడ్డీ, వేరే సక్షన్ పంపు, మధ్యలో నేల మీద పరుచుకున్న పొడవాటి గొట్టం. చూడగానే గెలుపు మాదే అనుకున్నాను.

డాక్టరమ్మ నియమాలు ముందే చెప్పారు. ఎవరికి ఏ మిషన్ అనేది ఆమె గానీ, మేం గానీ ఎంచుకోం. చీటీలు వేసి కవర్లలో పెట్టి అంటించారు. రోగి వచ్చాక థియేటర్ నర్సు సిస్టర్ మేరీ ఒక కవరు తెరుస్తుంది. కడ్డీ రాయిని తాకినప్పటి నుంచి చివరి ముక్క వచ్చేదాకా సమయం ఆమే రాస్తుంది.

మొదటి కవర్లో మా మిషన్. నేను కడ్డీ బిగించాను. డాక్టరమ్మ చేతికి ఇవ్వబోతుంటే ఖాదర్ భాయ్ వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు.

"మూర్తీ, మర సరిగా బిగల్యా. కడ్డీ విరుగుతాది చూడు."

చూస్తే నిజంగానే చుట్టున్నర వదులుగా ఉంది. కంగారులో రెంచితో బిగించడం మర్చిపోయాను. అలాగే నడిపితే కడ్డీ విరిగేది, రోగి లోపల ముక్క ఉండిపోయేది, ఆ పూటే మేం ఇంటికెళ్లేవాళ్లం. బయటికొచ్చాక థ్యాంక్స్ చెప్పాను. "మనిషి బల్ల మీద పండుకోనుండాడు గదప్పా," అన్నాడు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆచారి అడిగిన ప్రశ్నలు

గురువారం సాయంత్రానికి నలుగురు రోగులయ్యారు. రాయి గట్టిదైతే మా మిషన్ ముందు పగలగొడుతోంది గానీ ముక్కలు ఎగిరి మూలలకు పోతున్నాయి. వాటిని వెతికేసరికి సమయం అయిపోతోంది. ఖాదర్ భాయ్ మిషన్ నిదానంగా కొరుకుతుంది, కానీ పిండి పిండిగా లాగేస్తుంది. సిస్టర్ మేరీ కాగితంలో ఆయన కొన్ని నిమిషాలు ముందున్నాడు. నాకది మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ పిలిచారు. "రేపటి పేషెంట్ ఒకాయన మిషన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే గానీ సంతకం పెట్టనంటున్నాడు. ఇద్దరూ వెళ్లి చూపించండి," అన్నారు.

ఆయన ఓబులాచారి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అరచేతులు చెప్పు అడుగులా గట్టిగా ఉన్నాయి. భార్య లక్ష్మీదేవమ్మ కింద చాప మీద కూర్చుని దానిమ్మ గింజలు ఒలుస్తోంది. మేం ఒక గిన్నెలో నీళ్లు పోసి, సుద్ద ఉండ వేసి, కడ్డీ ఆనించి చూపించాం.

"దీనికి సుత్తి యాడుండాది?" అన్నాడు ఆచారి.

"సుత్తి లేదండి, వణుకుతుంది," అన్నాను.

"వణికితే రాయి పగుల్తాదా?"

ఖాదర్ భాయ్ ఆయన వేలిని పిడి మీద పెట్టించాడు. ఆచారి కళ్లు మూసుకున్నాడు. "తుమ్మెదను పట్టుకున్నట్టుండాది," అన్నాడు. తర్వాత చేతిపనివాడు అడిగే ప్రశ్న వేశాడు. "దుమ్ము యాడికి పోతాది? మేం చెక్కేటప్పుడు దుమ్ము ఊదుకోకపోతే గీత కనపడదు. లోపల ఎవురు ఊదుతారు?"

ఖాదర్ భాయ్ గొట్టం చూపించాడు. "ఇది లాగేస్తాది."

"అట్లయితే మీ పనంతా ఈ గొట్టంలోనే ఉండాది," అన్నాడు ఆచారి. సంతకం పెట్టాడు. రుద్రవరంలో గుడికి నంది చెక్కుతున్నానని, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టేశారని, పదిహేను రోజుల్లో ఉలి పట్టుకోవచ్చని డాక్టరమ్మ మాటిచ్చిందని చెప్పాడు. లక్ష్మీదేవమ్మ మా ఇద్దరి చేతుల్లో గింజలు పోసింది.

శుక్రవారం

పొద్దున మా మేనేజర్ ఫోన్. ఇది పోతే సీమలో ఇంకెక్కడా మన మొహం చూడరు, నీ సంగతి కూడా ఆలోచించుకోవాల్సి ఉంటుంది అన్నాడు. ఉగ్గాని సగం వదిలేసి వచ్చాను.

ఆచారి వంతు పదకొండింటికి రావలసింది, అంతకు ముందు కేసు ఆలస్యమై పన్నెండున్నర దాటింది. కవరు తెరిస్తే ఖాదర్ భాయ్ మిషన్. ఆయన గొట్టాలు కలిపి, పంపు వేసి, అన్నీ సరిచూసి నా దగ్గరికి వచ్చాడు. "జుమ్మా నమాజు మూర్తీ. మసీదు ఈ సందు చివర్నే. అర్ధగంటలో వస్తా. మిషన్ కొంచెం చూస్కో." డాక్టరమ్మ కూడా వెళ్లి రమ్మన్నారు.

ఆయన వెళ్లాక కాసేపు అంతా బాగానే నడిచింది. మధ్యలో ఎక్స్‌రే తీయడానికి చక్రాల బండి మీద ఉండే పెద్ద యంత్రాన్ని బల్ల దగ్గరికి తోశారు. దాని వెనక చక్రం సక్షన్ గొట్టం మీదికి ఎక్కి ఆగింది.

నేను చూశాను. నా కాలికి జానెడు దూరంలో. గొట్టం నలిగి రేకులా అయింది. పంపు మాత్రం మామూలుగానే చప్పుడు చేస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కాలితో బండిని కొద్దిగా నెడితే చాలు. నోరు తెరిచి ఒక్క మాట అన్నా చాలు.

నేను ఏమీ అనలేదు. ముందు, ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. తర్వాత, ఇప్పుడు చెబితే ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటారేమో అనుకున్నాను. ఆ రెండు ఆలోచనల వెనకా ఒకటే ఉంది. గోడ గడియారం కదులుతోంది, ఆ నిమిషాలన్నీ ఖాదర్ భాయ్ ఖాతాలో పడుతున్నాయి.

కెమెరా తెర మీద రాయి చుట్టూ పిండి మేఘంలా కమ్ముకుంది. ఏమీ కనపడటం లేదు. డాక్టరమ్మ కడ్డీ బయటికి తీశారు, మళ్లీ పెట్టారు. నెత్తురు కలిసి నీళ్లు ఎర్రబడ్డాయి.

"సక్షన్ రావడం లేదు. మూర్తి గారూ, మీరు చూడండి, ఏమైంది?" అన్నారామె.

వంగి పంపు దగ్గర చూసినట్టు నటించాను. లేచి, "ఆ మోడల్ అంతేనండి మేడమ్. సక్షన్ వీక్," అన్నాను.

నోరు మూసుకోవడం ఒకటి. ఇది మరొకటి.

ఇరవై నిమిషాలు దాటాక ఖాదర్ భాయ్ వచ్చాడు. తెర చూశాడు, పంపు చూశాడు, గొట్టం వెంట కళ్లు పోనిచ్చి చక్రం దగ్గర ఆగాడు. బండిని నెట్టాడు. గొట్టం గుర్రుమని లాగింది. కానీ అప్పటికే నెత్తురు ఎక్కువైంది. ఇంక కొనసాగించడం మంచిది కాదని డాక్టరమ్మ ఆపేశారు. శనగగింజంత ముక్క లోపల ఉండిపోయింది. మూత్రం ఆగిపోకుండా లోపల స్టెంటు అనే సన్నటి గొట్టం పెట్టి, మూడు వారాల తర్వాత మళ్లీ చేయాలన్నారు.

గ్లవ్స్ విప్పుతూ ఆమె ఖాదర్ భాయ్‌ని అందరి ముందూ తిట్టారు. గొట్టం ఎక్కడ పడుతుందో చూసుకోలేరా, మనిషి ప్రాణంతో ఆటలా అన్నారు. ఆయన తలవంచుకుని, "నాదే తప్పమ్మా, నేను పోకుండా ఉండాల్సింది," అన్నాడు. నేను అక్కడే నిలబడి మా కడ్డీలు గుడ్డతో తుడుస్తున్నాను. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మహానంది దారిలో

శనివారం చివరి ఇద్దరు రోగులయ్యారు. సాయంత్రం డాక్టరమ్మ మా మిషన్ తీసుకుంటానన్నారు. మేనేజర్ చప్పట్ల బొమ్మలు వరసగా పంపాడు.

నా రైలు టికెట్టు మంగళవారానికి గానీ లేదు. ఆదివారం బస్సెక్కి మహానంది వెళ్లాను. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డుకు రెండు వైపులా అరటి తోటలు, వాటి మధ్య కాలవల్లో గుడి ఊట నీళ్లు. మా వైపు కాలవ నీళ్లు ఎప్పుడూ మట్టి రంగే. ఇక్కడ అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. దర్శనానికి పెద్ద వరస ఉంది. నిలబడ్డాను, సగంలో బయటికి వచ్చేశాను. లోపలికి వెళ్లి ఏం అడగాలో తెలియలేదు.

బయట ఒకావిడ దగ్గర అరటిపళ్లు కొన్నాను. డజను అరవై అంది. మా ఊళ్లోలాగా యాభైకి ఇవ్వమన్నాను.

"ఈడ బేరం లేదు సామీ. నేను మోసం చేస్తానా?" అంది.

ఊరికే అన్న మాట. కానీ మళ్లీ బేరమాడలేదు. అరవై ఇచ్చి, పళ్లు తీసుకుని, పక్కన అమ్ముతున్న నన్నారి వేళ్ల షర్బతు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాను.

ఆళ్లగడ్డ

సోమవారం పొద్దున ఆళ్లగడ్డ వెళ్లాను. ఎందుకు వెళ్లానని అడిగితే సరైన జవాబు లేదు. చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన బాగానే ఉంటే చెప్పకుండా వచ్చేద్దామని కూడా అనుకున్నాను.

శిరివెళ్ల దాటి కొంతదూరం పోగానే ఆళ్లగడ్డ. శిల్పులుండే వీధిలోకి తిరిగేసరికి చప్పుడే దారి చూపిస్తుంది. ఇంటి ముందరంతా దేవుళ్లు. కొందరికి తల ఉంది, ఒళ్లు ఇంకా రాయే. తెల్లటి దుమ్ము చెట్ల ఆకుల మీద, చెప్పుల మీద, చాయ్ గ్లాసుల మీద. ఓబులాచారి పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన తమ్ముడు పక్కన ఏదో విగ్రహం చెక్కుతున్నాడు. మూలన మోకాళ్ల దాకా తేలిన నంది ఒకటి గోనెపట్ట కప్పుకుని ఉంది.

"రా అప్పా, రా. కూచో," అన్నాడు. నేను తెచ్చిన పళ్లు లక్ష్మీదేవమ్మ తీసుకుంది.

"ఎలా ఉందండి?" అన్నాను.

"నొప్పి ఉండాది. వంగితే లోపల పుల్ల గుచ్చుకున్నట్టు ఉంటాది. సుత్తి ఎత్తకూడదంట." నంది వైపు చూశాడు. "రుద్రవరమోళ్లు నిన్న వచ్చి పోయినారు. ముహూర్తం ఆగదు గదా. వేరేవాళ్లకు ఇస్తామన్నారు. సరే అన్నా."

తర్వాత ఆయన నా వైపు తిరిగి, "ఆ సాయిబు నిన్న ఈడికి వచ్చినాడు, తెలుసునా?" అన్నాడు. "ఆస్పత్రి నుంచి నన్ను బాడుగ కార్లో ఎక్కించుకోని ఇంటిదాకా దించి పోయినాడు. నా చెయ్యి పట్టుకోని ఏడ్చినాడప్పా. నేను నమాజుకు పోవడం వల్లే ఇట్లయిందన్నాడు. దేవుని దగ్గరికి పోయినందుకు ఒక మనిషి అట్ల ఏడుస్తాంటే చూడలేకపోయినా."

లక్ష్మీదేవమ్మ అరిటాకు వేసి జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుశనగ పొడి పెట్టింది. "తిను నాయనా. దూరం నుంచి వచ్చినావు," అంది. ఒక ముక్క తుంచాను. నోటిదాకా వెళ్లలేదు.

"ఆచారి గారూ, ఖాదర్ భాయ్ తప్పేమీ లేదు. గొట్టం మీద చక్రం ఎక్కడం నేను చూశాను. చూసి చెప్పలేదు. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పాను," అన్నాను.

తమ్ముడి ఉలి ఆగింది.

"గొట్టమా?" అన్నాడు ఆచారి. "ఎంతసేపు?"

"ఇరవై నిమిషాల పైన."

"అంతసేపు నన్ను చూస్తా నిలబడినావా?"

"అవునండి."

"ఎందుకు?"

"మా మిషన్ గెలవాలని."

ఆయన తిట్టలేదు. తిడతాడనుకుని భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాను. తన అరచేతులు బోర్లించి, తిప్పి చూసుకున్నాడు. "నాతో చెప్తే ఏమొస్తాది? నాకు ముక్క లోపలనే ఉండాది. ఆయమ్మతో చెప్పు. ఆ సాయిబుతో చెప్పు," అన్నాడు. తర్వాత మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.

నేను లేవబోయాను. లక్ష్మీదేవమ్మ గొంతు వినపడింది. "ఆకు ముందర నుంచి లేయొద్దు. తినేసి పో."

తిన్నాను. ఆమె రెండో రొట్టె కూడా వేసింది, నీళ్లు పోసింది. చెయ్యి కడుక్కున్నాక ఆమె గుమ్మం దాకా వచ్చి, గొంతు పెంచకుండానే అంది. "మళ్ల ఈడికి రావొద్దు."

బస్టాండు దాకా ఎండలో నడిచాను. దారిలో ఇద్దరు, ఆచారి గారింటి చుట్టమా అని పలకరించారు.

మళ్లీ నంద్యాల

డాక్టరమ్మ రోగుల్ని చూడటం అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చున్నాను. లోపలికి పిలిచాక నిలబడే చెప్పాను. ఆమె సిస్టర్ మేరీని పిలిచి ఆ కాగితం తెప్పించుకుని, ఆచారి పేరున్న వరస కొట్టేశారు. కాసేపటికి కాగితం మొత్తాన్నే అడ్డంగా కొట్టేశారు.

"ఇక ఏ అంకె నమ్మాలి?" అన్నారు. "మీరు ముట్టుకున్న కేసులన్నీ అనుమానమే నాకు. మిషన్ వద్దు. మీ కంపెనీకి నేనే రాస్తాను."

"నేను కూడా రాస్తాను మేడమ్."

"ఖాదర్ వలీని అందరి ముందు తిట్టాను. మీరు పక్కనే ఉన్నారు కదా?"

"ఉన్నానండి."

"వెళ్లండి," అన్నారు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో, మరేదో నాకు తెలియదు.

ఖాదర్ భాయ్ కింద స్టోర్ రూంలో తన మిషన్ సర్దుకుంటున్నాడు. ఓడిపోయిన మిషన్ కదా, తీసుకెళ్లమన్నారు. ఆ గొట్టాన్నే చుట్టలు చుడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. ఆచారి దగ్గరికి వెళ్లింది, డాక్టరమ్మకు చెప్పింది, అన్నీ. ఆయన చుట్టడం ఆపలేదు.

"తెలుసు మూర్తీ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నేను లోపలికి వచ్చేసరికి నీ కాలు ఆ చక్రం పక్కనే ఉండె. నువ్వు కిందికే చూస్తాండావు. నన్ను చూసి తల ఎత్తినావు."

"మరి ఆ రోజే డాక్టరమ్మతో ఎందుకు చెప్పలేదు భాయ్? అన్ని మాటలు ఎందుకు పడ్డారు?"

"నేను చెప్తే ఇద్దరం కొట్లాడినట్టుంటాది, ఎవురు నమ్ముతారు? నువ్వు చెప్తావేమోనని చూసినా. శుక్రవారం సాయంత్రం దాకా చూసినా. శనివారం చూసినా. ఆనెంక చూసేది నిలిపేసినా." గొట్టాన్ని పెట్టెలో పెట్టి స్పాంజి సర్దాడు. "నేను ఏడ్చింది మాత్రం నిజంగానే ఏడ్చినా. నీ చేతికి అప్పజెప్పి పోయింది నేనే గదా."

క్షమించమని అడుగుదామని నోట్లో మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. అడగలేకపోయాను. ఆయన మూత వేసి, "ఆ పక్క పట్టుకో, బరువుంటాది," అన్నాడు. ఇద్దరం పెట్టెను ఆటోలోకి ఎక్కించాం. డాక్టరమ్మ పైనుంచి కబురు పంపారని, మిషన్ దించమంటున్నారని సిస్టర్ మేరీ పరుగున వచ్చింది. మళ్లీ దించాం. ఆయన ఆమె వెంట పైకి వెళ్లాడు. నేను లాడ్జికి వెళ్లి, నా పెట్టె సర్దుకుని, మర్నాడు రైలెక్కాను.

కంపెనీ నన్ను థియేటర్ల నుంచి తప్పించింది. ఇప్పుడు విజయవాడ గోడౌన్‌లో పెట్టెల మీద అంటించే కాగితాలు సరిచూస్తున్నాను. న్యాయంగానే ఉంది.

మొన్న సిస్టర్ మేరీకి ఫోన్ చేశాను. నాతో మాట్లాడటం ఆమెకు ఇష్టం లేదని గొంతులోనే తెలిసింది. అయినా చెప్పింది. ఓబులాచారికి రెండో ఆపరేషన్ అయింది. ముక్క కొన్ని నిమిషాల్లోనే వచ్చేసింది. స్టెంటు ఇంకో వారంలో తీస్తారు. నంది మాత్రం వేరేవాళ్లదే ప్రతిష్ఠ చేశారట.

బల్ల ఎక్కే ముందు ఆచారి ఆగి, "ఈసారి మిషన్ దగ్గర ఎవురు నిలబడతాండారు?" అని అడిగాడట.

ఖాదర్ వలీ అని చెప్పారట.

"అట్లయితే సరే," అని బోర్లా పడుకున్నాడట.